క్యారియర్ మీది బరువు: హారర్ సినిమాలు, సిరీస్‌లపై ఒక నెల్లూరు ప్రేక్షకుడి అభిప్రాయం

2023 ఏప్రిల్ నెలాఖరులో, పగలంతా ఎండకు కాగిన గోడలు రాత్రి పదింటికి కూడా వేడి వదలని రోజుల్లో, నేను నెల్లూరులో 'విరూపాక్ష' సెకండ్ షోకు వెళ్లాను. తెరమీద ఒక పాత్ర చీకటింట్లోకి అడుగు పెట్టబోతుండగా, నా వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ "పోబాకమ్మా, లోపలికి పోబాక" అని గట్టిగానే అన్నది. హాలులో కొందరు నవ్వారు గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె గొంతులో వేళాకోళం లేదు. పక్కింటి పిల్ల వాన నీటిలో పడి ఉన్న కరెంటు తీగ వైపు పోతుంటే వారించే కంగారు ఉంది. హారర్ సినిమాకు నేను వేసే మార్కులన్నీ ఆ ఒక్క మాటతోనే ముడిపడి ఉంటాయి. చూసేవారి నోట 'పోబాక' వచ్చిందా, వస్తే సినిమాలో ఎంతదూరం వరకు వచ్చింది అన్నదే నా కొలత. మన తెలుగు హారర్‌లో అది సాధారణంగా ఇంటర్వెల్ దాకా వస్తుంది, ఆ తర్వాత రాదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ రకం సినిమాలు చూస్తూ వచ్చిన నాకు అది ఎందుకు రాదో కొంత తెలిసిందనే అనుకుంటున్నాను.

మాది కావలి దగ్గరి పల్లె. వేసవి రాత్రుల్లో కరెంటు పోతే వాకిట్లో నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్లం, అప్పుడు మా జేజి, అంటే అవ్వ, ఒక కథ చెప్పేది. కావలిలో సెకండ్ షో చూసిన ఒకతను సైకిలు మీద ఒంటరిగా ఊరికి వస్తున్నాడు. తాటితోపు దాటగానే వెనక క్యారియర్ మీద ఎవరో కూర్చున్నట్టు సైకిలు బరువెక్కింది. తిరిగి చూడకూడదని అతనికి తెలుసు. సీటు మీది నుంచి లేచి పెడళ్ల మీద నిలబడి తొక్కాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, ఊరి మొదట రామాలయంలో దీపం కనబడగానే సైకిలు ఒక్కసారిగా తేలికైపోయింది. కథ అక్కడితో అయిపోయేది. "ఎవరు జేజీ అది?" అని అడిగితే "ఎవరో, నాకేం తెలుసు, పండుకో" అనేది. అందులో చచ్చినవారి పేరు లేదు, ఎలా చచ్చారో లేదు, పగ లేదు, ఉన్నదల్లా క్యారియర్ ఇనుప కమ్మీల మీద పడిన బరువొక్కటే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను చీకటి పడ్డాక సైకిలు ఎక్కే ముందు క్యారియర్‌ను చేత్తో తడిమి చూసేవాణ్ని.

తెలుగు సినిమాకు ఆ "పండుకో" అనే ధైర్యం లేదు. మన తెర మీద దెయ్యం అంటే వాది. ఇంటర్వెల్ కాగానే అది బోనెక్కి, ఫలానా ఊళ్లో ఫలానా పెద్దమనిషి తనను నమ్మించి చంపి ఫలానా చోట పూడ్చాడని ఇరవై నిమిషాల వాంగ్మూలం ఇస్తుంది. అప్పటిదాకా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్న ప్రేక్షకుడు ఆ క్షణం నుంచి న్యాయమూర్తి అయిపోతాడు; దెయ్యం మీద జాలి, దుర్మార్గుడి మీద కోపం పుట్టి, ఎప్పుడెప్పుడు శిక్ష పడుతుందా అని ఎదురు చూస్తాడు. జాలీ కోపమూ మంచివే గాని అవి వచ్చి కూర్చున్న మంచం మీద భయానికి చోటుండదు. ఈ పద్ధతిని నిజాయితీగా వాడుకున్న సినిమాలు లేకపోలేదు. రాఘవ లారెన్స్ 2011లో తమిళంలో తీసిన 'కాంచన'లో శరత్‌కుమార్ వేసిన హిజ్రా పాత్ర ఇచ్చే వాంగ్మూలమే సినిమాకు ప్రాణం, దాన్ని తీసేస్తే మిగిలేది అరుపులే. అయితే ఆ సినిమా చూసి నేను కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాను తప్ప, చీకట్లో ఇంటికి పోవడానికి ఎవరి తోడూ అడగలేదు.

రాంగోపాల్ వర్మ 'రాత్రి'ని 1992లో కావలిలోనే చూశాను. కథ అని చెప్పుకోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. కొత్తగా చేరిన ఇల్లు, ఒక పిల్లిపిల్ల, ఇంటి కింద ఒక నేలమాళిగ, క్రమంగా తనది కాని చూపు చూడటం మొదలుపెట్టే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిగా రేవతి నటించారు. తర్వాతి రోజుల్లో దర్శకుడైన తేజ దానికి ఛాయాగ్రాహకుడు. మనుషులు లేని గదుల్లో కెమెరా నేలకు దగ్గరగా నడుచుకుంటూ పోతుంటే అది చూపిస్తున్నదా, వెతుకుతున్నదా అన్నది తెలియదు. దెయ్యానికి వేషం కట్టకుండా కెమెరానే దెయ్యం చేయవచ్చునని నాకు తెలిసింది అప్పుడే. కథానాయిక ఖాళీ సినిమాహాలులో ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం వచ్చినప్పుడు నా చుట్టూ నిండుగా జనం ఉన్నారు, అయినా పక్క కుర్చీలో మా అన్న ఉన్నాడో లేడోనని ఒకసారి తల తిప్పి చూసుకున్నాను. సినిమాహాలులో కూర్చున్నవాడికి సినిమాహాలునే చూపించి భయపెట్టడం అనే ఆ చిన్న ఎత్తు ఇప్పటికీ పాతబడలేదు. ఆయనే 2003లో హిందీలో పాటలు లేకుండా తీసిన 'భూత్'లో మాత్రం ఊర్మిళ నటన తప్ప నాకు ఎక్కువ గుర్తు లేదు. ముంబయిలో పై అంతస్తు ఫ్లాటులోని దెయ్యం, పెంకుటింట్లో పెరిగిన నన్ను అంతగా పట్టుకోలేదేమో.

'అరుంధతి'కి నా సిద్ధాంతం వర్తించదని ముందే ఒప్పుకుంటున్నాను. 2009 సంక్రాంతికి వచ్చిన కోడి రామకృష్ణ సినిమాలో ఫ్లాష్‌బ్యాకే అసలు సినిమా. అక్కడ వాది దెయ్యం కాదు, దెయ్యమే దోషి. పశుపతి బతికి ఉండగానే దుర్మార్గుడు, చచ్చాక ఇంకా దుర్మార్గుడు. అతని గతం ఎంత చెప్పినా మనకు జాలి పుట్టదు, అతను ఏం చేయగలడో మరింత తెలుస్తుంది. అందువల్ల సమాధి రాళ్ల సందుల్లోంచి ఆ గొంతు వినబడగానే ఫ్లాష్‌బ్యాక్ పెట్టుబడి అంతా వడ్డీతో వసూలవుతుంది. తెర మీద సోనూ సూద్ ఎంత కష్టపడ్డా, పి. రవిశంకర్ డబ్బింగ్ గొంతు లేకపోతే ఆ పశుపతి సగమే. "వదల బొమ్మాళీ" అన్న మాట తర్వాత పెళ్లి ఊరేగింపుల్లోనూ హాస్య కార్యక్రమాల్లోనూ అరిగిపోయింది గాని, మొదటిసారి విన్న రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు. మా వైపు వారికి ఇంకొక కారణం కూడా ఉంది. జేజమ్మ అన్న పిలుపు చాలామందికి అప్పుడే విన్న మాట కావచ్చు. జేజి చేతి ముద్దలు తిని పెరిగిన మాకు అనుష్క గద్వాల కోటలో మెట్లు దిగుతుంటే మా ఇంటి పెద్దావిడే కత్తి పట్టుకుని వస్తున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత వచ్చిన హాస్య హారర్ వరదను గురించి ఎక్కువ చెప్పను. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడినప్పటి నుంచి ప్రతి నిర్మాతకూ ఒక పాడుబడిన బంగళా, నలుగురు కమెడియన్లు, ఒక తెల్లచీర దొరికాయి. వాటిలో 2017 నాటి 'ఆనందో బ్రహ్మ' ఒక్కటి నాకు నచ్చింది. మనుషులను చూసి దెయ్యాలే జడుసుకునేలా కథను తిరగేసి కుట్టారు, కుట్టు ఎక్కడా బయటపడలేదు. మిగతావి పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు టీవీలో నడుస్తూ ఉంటే సరిపోతాయి.

ఈ మధ్య కాలపు తెలుగు హారర్‌లో నిలబడి మాట్లాడుకోవలసిన సినిమా 2022 నవంబరులో వచ్చిన 'మసూద'. దర్శకుడు సాయికిరణ్‌కు అది మొదటి సినిమా. పెద్ద తారలు లేరు. భర్తకు దూరంగా కూతురితో ఉంటున్న నీలం అనే టీచరుగా సంగీత, పక్క ఫ్లాటులో ఉండే గోపీ అనే పిరికి కుర్రవాడిగా తిరువీర్, కూతురు నాజియాగా బాంధవి శ్రీధర్ నటించారు. సినిమా మొదటి గంటలో పెద్దగా ఏమీ జరగదు, ఆ జరగకపోవడమే దాని గొప్పతనం. సైన్సు చెప్పే తల్లి తన కూతురికి ఏదో పట్టిందని నమ్మడానికి ఎంత సమయం తీసుకోవాలో అంతా తీసుకుంటుంది. ముందు డాక్టరు, తర్వాత అనుమానం, తర్వాత సిగ్గు, ఆ తర్వాతే పొరుగువాడి తలుపు తట్టడం. మధ్యతరగతి ఇంట్లో ఇలాంటిది వస్తే దెయ్యం కన్నా ముందు 'నలుగురికీ తెలిస్తే ఎలా' అన్న భయం వస్తుంది, దాన్ని ఇంత ఓపికగా చూపించిన తెలుగు సినిమా నేను ఇంకొకటి చూడలేదు. గోపీ పాత్రను ధైర్యవంతుణ్ని చేయకపోవడం కూడా మంచి నిర్ణయం. తలుపు తీయడానికి అతని చెయ్యి గడియ దాకా వెళ్లి వెనక్కు వస్తుంది, మళ్లీ వెళుతుంది. ఆ చేతిని చూస్తూ నా పక్కన కూర్చున్న మిత్రుడు తన చేతిలోని పాప్‌కార్న్ పొట్లాన్ని నలిపేశాడు.

వైద్యం కోసం కథ ముస్లిం పెద్దల దగ్గరికి వెళ్లడం మా జిల్లావారికి వింతగా అనిపించదు. కసుమూరు దర్గాకు హిందువులూ వెళతారు, ముస్లింలూ వెళతారు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవారిని ఎవరూ మతం అడగరు. తాయెత్తు కట్టేవారి భాష ఏదైనా మా ఇళ్లలో దానికి అడ్డు లేదు. ఆ వాతావరణాన్ని సినిమా వెక్కిరించకుండా, ఎత్తి చూపకుండా పట్టుకుంది. అయినా ఒక విషయం నన్ను ఇబ్బంది పెట్టింది. దుష్టశక్తికి నల్లని బురఖానే వేషంగా పెట్టి, చాలాచోట్ల ఆ దుస్తులు కనబడటమే భయానికి గుర్తుగా చేశారు. ట్రంకు రోడ్డులో రోజూ పక్కనుంచి నడిచిపోయే తల్లుల, ఆడపిల్లల బట్టలవి. సంగీత ముఖం నుంచీ తిరువీర్ చేతుల నుంచీ అంత భయం పిండగలిగిన దర్శకుడికి ఆ అడ్డదారి అవసరం లేదు. ఇంకొక లోపం నేను మొదట చెప్పినదే: ద్వితీయార్ధంలో మసూద ఎవరో, ఏం చేసిందో వివరంగా చెప్పడం మొదలయ్యాక నాకు పట్టు సడలింది, చివరి పరుగులు, పెనుగులాటలు హారర్ నుంచి యాక్షన్‌లోకి జారిపోయాయి. నూటికి లెక్కవేస్తే మొదటి సగానికి తొంభై, రెండో సగానికి అరవై ఇస్తాను.

'విరూపాక్ష' లెక్క వేరు. కార్తీక్ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే. 1979లో మొదలై పన్నెండేళ్ల తర్వాత రుద్రవనం అనే ఊరికి వచ్చే కథ. ఊరికి అష్టదిగ్బంధనం వేసి, లోపలివారు బయటికి పోకుండా, బయటివారు లోపలికి రాకుండా కట్టేయడం అన్న ఆలోచన బలమైనది. 2020 లాక్‌డౌన్‌లో పొలిమేరల్లో ముళ్లకంపలు, దుంగలు అడ్డం పెట్టి కాపలా కాసిన ఊళ్లను చూసిన మనకు అది ఊహించుకోనవసరం లేని భయం. అజనీష్ లోకనాథ్ సంగీతం బాగుంది గాని ఎక్కువైంది. ఒక పాత్ర కళ్లు మారడానికి ముందు రెండు క్షణాల నిశ్శబ్దం ఉంటే, ఆ పెద్దావిడ చెప్పిన 'పోబాక' నాలుగు వరుసల దాకా వినబడేది. ప్రేమకథ భాగాన్ని చూస్తూ నేను చేతి గడియారం చూసుకున్నాను, హీరో సాయి ధరమ్ తేజ్ అయినందుకు అది తప్పలేదేమో. ముడి విప్పే తీరు మాత్రం తెలివైనది. ఎవరి మీద అనుమానం పడాలో వారి మీద పడనివ్వకుండా చివరిదాకా నడిపించారు. ముడి వీడిన తర్వాత చేతికి వచ్చేది ఎప్పటిలా పాత పగే అయినా, డబ్బులు దండగ అని మాత్రం ఎవరూ అనలేరు.

'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. సత్యం రాజేశ్‌ను అప్పటిదాకా హాస్యనటుడిగా చూసిన కళ్లతో చూస్తే మొదట నమ్మకం కుదరదు, తర్వాత ఆ కుదరకపోవడమే సినిమాకు సాయపడుతుంది. భయం కన్నా మలుపు మీద మోజు ఎక్కువ ఉన్న సినిమా అది. 2023లో వచ్చిన రెండో భాగం మలుపుల మీద మలుపులు పెట్టి నన్ను అలిసిపోయేలా చేసింది.

నాకు కావలసిన "పండుకో" అన్న మాట చివరికి మలయాళంలో దొరికింది. రాహుల్ సదాశివన్ తీసిన 'భూతకాలం' 2022 జనవరిలో ఓటీటీలో వచ్చింది. ఒక అద్దె ఇల్లు, అమ్మమ్మ చావు, ఆ తర్వాత మిగిలిన తల్లీకొడుకులు. కొడుకుకు ఉద్యోగం లేదు, తల్లికి దిగులు జబ్బు. ఇంట్లో ఏదో ఉందని కొడుకు అంటే అది మందు తాగి అన్నమాట అనుకుంటారు, తల్లి అంటే మనోవ్యాధి అనుకుంటారు. ఇద్దరూ ఒకే వస్తువును వేర్వేరు రాత్రుల్లో చూసి, ఒకరికొకరు చెప్పుకోలేక, పొద్దున్నే కాఫీ దగ్గర ఉప్పుకో చక్కెరకో పోట్లాడుకుంటారు. ఆ ఇంట్లో ఇంతకు ముందు ఏం జరిగిందో సూచనగా తెలుస్తుంది, ఎవరూ బోనెక్కి వాంగ్మూలం ఇవ్వరు. తల్లి పాత్ర వేసినది రేవతి. 1992లో కావలి హాలులో నన్ను భయపెట్టిన అమ్మాయే ముప్పై ఏళ్ల తర్వాత, ఇంటి హాలులో సోఫా అంచున కూర్చుని, తాను భయపడుతూ మళ్లీ నన్ను భయపెట్టారు. అప్పుడు ఆమె కళ్లు పెద్దవి చేసి చూస్తేనే భయం వేసేది, ఇప్పుడు కళ్లు దించుకుని కంచంలో అన్నం కెలుకుతుంటే అంతకు మించి వేస్తుంది. ఈ పాత్రకు కేరళ రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు ఉత్తమ నటి పురస్కారం ఇచ్చింది. హారర్ నటనను అవార్డుకు తగిన నటనగా లెక్కించడం మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు.

అదే దర్శకుడు 2024లో మమ్ముట్టితో తీసిన 'భ్రమయుగం' నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఒక పాడుబడిన పెద్దిల్లు, దాని యజమాని, ఒక వంటవాడు, దారి తప్పి వచ్చిన ఒక పాటగాడు. యజమాని పాచికలాటకు పిలుస్తాడు, అతిథి దగ్గర ఒడ్డడానికి డబ్బు లేదు, అయితే నీ కాలాన్ని ఒడ్డు అంటాడు. ఆ ఒక్క మాటలో ఉన్నంత భయం చాలా సినిమాల్లో ఉన్న మొత్తం నెత్తురులో లేదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి, ఆ అన్నం రుణంతోనే కట్టిపడేయడం చూస్తే, మన పల్లెల్లో పాలేర్లను జీతానికి పెట్టుకుని తరాల తరబడి వదలని పెద్దిళ్ల కథలు విన్నవారికి ఆ చాత్తన్ (కేరళ కథల్లోని క్షుద్రశక్తి) ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. సినిమా నిదానంగా నడుస్తుంది, మా ఇంట్లో ఇద్దరు నిద్రపోయారు. నేను మాత్రం పూర్తయ్యాక లేచి వంటింటి దీపం వేసి వచ్చి పడుకున్నాను.

కారణం చెబితే భయం పోతుందన్న నా మాటకు 'తుంబాడ్' గట్టి సవాలు. 2018లో వచ్చిన ఈ హిందీ సినిమా మొదటి నిమిషాల్లోనే తన దెయ్యం చరిత్ర మొత్తం చెప్పేస్తుంది: సమృద్ధి దేవత మొదటి సంతానం హస్తర్, బంగారానికీ ధాన్యానికీ ఆశపడ్డాడు, బంగారం దక్కింది, ధాన్యం దక్కలేదు. ఇక దాచినదేమీ లేదు. అయినా వినాయక్ పిండిబొమ్మ చంకన పెట్టుకుని తాడు పట్టుకుని ఆ ఎర్రని గర్భంలోకి దిగిన ప్రతిసారీ నా అరచేతులు చెమర్చాయి. ఆలోచిస్తే తేడా తెలిసింది. అక్కడ కారణం కథకు పునాదిగా ముందు పడింది, మన సినిమాల్లో అది సంజాయిషీలా మధ్యలో వస్తుంది. పైగా హస్తర్‌కు న్యాయం చేయమని ఎవరూ మనను అడగరు. భయపడవలసినది లోపల ఉన్నవాణ్ని చూసి మాత్రమే అయితే రెండోసారి ఎవరు దిగుతారు? దిగేవాడి దురాశ చూసి భయం వేస్తుంది. సినిమా నిండా కురిసే ఆ వాన గురించి ఒక మాట. నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు వదలని నెల్లూరులో, కిటికీ బయట అదే వాన పడుతుండగా ఈ సినిమా చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు.

ఇంగ్లీషు సినిమాల్లో 2013 నాటి 'ది కంజూరింగ్'ను ఇంకా మించినది నాకు కనబడలేదు. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని చప్పట్ల సద్దును బట్టి వెతుక్కునే ఆట, మన దాగుడుమూతలకు చుట్టమే. ఆ ఆటను మొదట పగటి వెలుగులో, నవ్వులతో చూపించి, తర్వాత నేలమాళిగ మెట్ల మీద ఆ తల్లి అగ్గిపుల్ల వెలిగించినప్పుడు చీకట్లోంచి రెండు చేతులు చాపి చప్పట్లు కొట్టించాడు దర్శకుడు జేమ్స్ వాన్. సద్దుతో ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్‌ను నేను తక్కువగానే చూస్తాను, గోలీసోడా మూత కొట్టినా ఉలిక్కిపడతాం. ఈ చప్పట్లు అలాంటివి కావు, వాటికి అరగంట ముందే నారు పోసి పెట్టారు.

సిరీస్‌లలో 2018 నాటి 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' పది ఎపిసోడ్లనూ మా అక్క కూతురితో కలిసి చూశాను. ఇద్దరం మూడో ఎపిసోడ్‌లో ఉండగా ఆ పిల్ల రిమోట్ లాక్కుని బొమ్మ ఆపి, "మామా, ఆ మెట్ల వెనక చూడు" అన్నది. నాకు మొదట చీకటి తప్ప ఏమీ కనబడలేదు. కళ్లు చికిలించి చూస్తే ఆ చీకటికి ఒక ముఖం ఉంది. దాని మీదికి కెమెరా వెళ్లదు, సంగీతం పెరగదు, పాత్రలెవరూ దాన్ని పట్టించుకోరు. మాట్లాడుకుంటున్న మనుషుల వెనక అది ఊరికే నిలబడి ఉంటుంది. దర్శకుడు మైక్ ఫ్లానగన్ ఇలాంటి ముఖాలను సిరీస్ పొడుగునా దాచి పెట్టాడు. ఆ తర్వాత మేం కథ వదిలేసి మూలలు వెతకడం మొదలుపెట్టాం, లేనిచోట కూడా ఉన్నట్టు కనబడసాగింది. క్యారియర్ మీద ఎవరున్నారో చెప్పని మా జేజి పద్ధతికి తెర మీద ఇంతకన్నా దగ్గరగా వచ్చినది నేను చూడలేదు. ఆరో ఎపిసోడ్‌లో కెమెరా కోత లేకుండా చాలాసేపు నడుస్తుంది. శవపేటిక చుట్టూ కుటుంబం వాదులాడుకుంటుండగా కెమెరా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అక్కడ ఉండకూడనివారు ఉంటారు. చివరి ఎపిసోడ్ అందరికీ సర్దిచెప్పి కళ్లు తుడిచి పంపుతుంది, అది మాత్రం నాకు రుచించలేదు.

తెలుగు సిరీస్‌లు ఇంకా ఆ స్థాయికి రాలేదు. నాగచైతన్య చేసిన 'దూత' 2023 డిసెంబరులో ఎనిమిది ఎపిసోడ్లుగా వచ్చింది. ఎడతెగని వాన, పాత దినపత్రిక ముక్కల్లో ముందే అచ్చయిన చావులు, ఇవి మొదటి రెండు ఎపిసోడ్లలో నన్ను బాగా పట్టాయి. దోసె పొట్లం కట్టిన కాగితాన్ని కూడా రెండు రోజులు చదవకుండా పారేశాను. తర్వాత దర్శకుడు విక్రమ్ కుమార్ కూడా కోర్టు మెట్లే ఎక్కించారు. 'అన్యాస్ ట్యుటోరియల్' 2022లో ఏడు ఎపిసోడ్లుగా వచ్చినప్పుడు, ఫోన్ తెర ముందు ఒంటరిగా కూర్చుని వేలమందితో మాట్లాడే అమ్మాయి అన్న ఆలోచన బాగుందనుకున్నాను. నాలుగు ఎపిసోడ్లకు చాలిన సరుకును ఏడింటికి సాగదీశారు.

చివరిగా, ఇవన్నీ ఎక్కడ చూడాలన్నది. నెల్లూరు వారు కొందరు సూళ్లూరుపేట దాకా పోయి 106 అడుగుల తెర మీద సినిమా చూసి వస్తారు. యుద్ధాలకూ సముద్రాలకూ అది తగును. హారర్‌కు తెర వెడల్పు కన్నా హాలు తలుపు బిగుతుగా మూసుకోవడం ముఖ్యం. నేను 'మసూద' చూసిన హాలులో క్యాంటీన్ కుర్రవాడు సమోసాల ట్రేతో అయిదు నిమిషాలకొకసారి తలుపు తీసి, వరండా ట్యూబులైటు వెలుగును సరిగ్గా దెయ్యం ముఖం మీద వేశాడు. ఇంట్లో చూస్తే వేరే తిప్పలు. నేను చందా కట్టే ఒక యాప్‌లో రాత్రి తొమ్మిది దాటాక 'భ్రమయుగం' నలుపు నలుపులా ఉండక బూడిదరంగు గళ్లుగా విడిపోయింది, చీకట్లో నక్కినది చాత్తనో, ఇంటర్నెట్ వేగం తగ్గిందో తెలుసుకోలేని పరిస్థితి. ఫిర్యాదు రాస్తే టీవీ ఆపి మళ్లీ వేయమని జవాబు వచ్చింది. బొమ్మ నాణ్యతను ఆటోమేటిక్‌లో వదలకుండా అన్నిటికన్నా ఎక్కువకు పెట్టి, వీలైతే పగలే డౌన్‌లోడ్ చేసుకుని, రాత్రి దీపాలు ఆర్పి చూడటం మేలు. టీవీ స్పీకర్లలో కింది స్వరాలు వినబడవు, భయం సగం అక్కడే ఉంటుంది, మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. వినికిడి లోపం ఉన్నవారి కోసం వేసే సబ్‌టైటిల్స్ అవసరం లేకపోతే తీసేయండి. తలుపు కిర్రుమనకముందే 'తలుపు కిర్రుమంటుంది' అని కింద అక్షరాలు పడితే ఇక ఉలిక్కిపడేదేముంది? మలయాళం సినిమాలను మలయాళంలోనే మామూలు సబ్‌టైటిల్స్‌తో చూడమని నా సలహా. గుసగుసలను కూడా వార్తలు చదివినట్టు చదివే డబ్బింగ్ నాకు పలుమార్లు తగిలింది.

పిల్లల విషయంలో, 2024 నుంచి సెన్సారు సర్టిఫికెట్లలో యూఏను 7, 13, 16 ఏళ్ల లెక్కన విడగొట్టారు గనుక పోస్టరు మూలన ఉన్న ఆ అంకె చూసి తీసుకుపోవచ్చు, ఓటీటీలో కూడా బొమ్మ మొదట్లో పైన అలాంటి వయసు అంకే వస్తుంది. మా అక్క కూతురు ఇప్పుడు టెన్త్. పరీక్షలు కాగానే 'భూతకాలం' చూస్తానంటోంది. వాళ్ల అమ్మ వద్దంటున్నది. దెయ్యానికి భయపడి కాదు, ఆ తల్లీకొడుకులు పోట్లాడుకునే తీరు మా ఇంట్లో వినబడే మాటల్లాగే ఉందని.